సల్లదెబ్బ

"డప్పు కాపినవా బాపూ?"

"కాపకుండ ఎవడన్న కొడ్తడానే?"

బాలనర్సు పెరట్లో మండుతున్న గడ్డిమంట మీంచి డప్పు తీసి, చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాడు. తోలు కంగుమంది. కూతురు స్వరూప అతని కుడి మణికట్టుకు నల్లటి పట్టీ ఒకటి బిగించింది. పట్టీ లోపలివైపు పదహారు రాగి బొట్లున్నాయి. ఎనిమిది నరం చెప్పేది వినడానికి, ఎనిమిది నరానికి చెప్పడానికి. పట్టీ కింద ఆ చెయ్యి, చేటలో జొన్నలు ఆడినట్టు ఆడుతూనే ఉంది. రెండేళ్లుగా అదే ఆట. పట్నం డాక్టరు దానికో పొడుగాటి పేరు చెప్పాడు గానీ, గట్లకుర్తిలో అందరూ వణుకుడు రోగమనే అంటారు.

"ఇగ షురూ జెయ్. నీకొచ్చిన దెబ్బలన్నీ వరసవెట్టి కొట్టు. ఏ ఒక్కటి ఇడిసినా ఇది పిచ్చిది, దానికి తెల్వదు."

"పిచ్చిదైతె నా చెయ్యికెందుకు గడ్తున్నవే?" అన్నాడు బాలనర్సు. అయినా డప్పు కొట్టే సిర్రపుల్ల అందుకున్నాడు.

అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న స్వరూప తల్లి ఎల్లవ్వ తల ఎత్తకుండానే అంది: "డీజే డబ్బాలొచ్చి అయ్య నోట్ల మన్నుగొట్టె. బిడ్డేమో గా డబ్బాలకే వైద్యం జేయవట్టె. ఇప్పుడు గా డబ్బాలు దెచ్చి అయ్య చెయ్యికే గట్టవట్టె. మంచిగున్నది మా ఇంటి ఇగురం."

ఎల్లవ్వ మాటలో అబద్ధమేమీ లేదు. స్వరూప చదివింది ఇంజనీరింగు, చేసేది డీజే పెట్టెల పని. చుట్టుపక్కల మండలాల డీజే వాళ్లు పేరూ ఊరూ లేని కంట్రోలర్లు కొనుక్కొస్తారు. రెండు చక్రాలు, నలభై మీటలు, వరసగా దీపాలు. వాళ్ల కంప్యూటర్లలో ఉండేది ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి బాగుచేయవచ్చు అని దేశదేశాల వాళ్లు కలిసి రాసుకున్న డీజే సాఫ్ట్‌వేరు. కొత్త పెట్టెను తగిలిస్తే దానికీ దీనికీ ముఖపరిచయం ఉండదు. కొత్తకోడలికి ఏ కుండలో ఏముందో చెప్పినట్టు, ఏ మీట నొక్కితే ఏం జరగాలో సాఫ్ట్‌వేరుకు చెప్పాలి. అది పెట్టె నుంచి వచ్చే దారి. పాట నడుస్తున్నప్పుడు ఏ దీపం ఎప్పుడు వెలగాలో పెట్టెకు చెప్పాలి. అది పెట్టెకు పోయే దారి. ఆ రెండు దారులూ రాయడంలో స్వరూప చెయ్యి తిరిగింది. అట్లా రాసి అందరి వాడకానికీ పెట్టినవి ఇప్పటికి ముప్పై దాటాయి.

ఈ పట్టీ హైదరాబాదులో ఎత్తిపోయిన ఒక కంపెనీది. ఆటలాడే పిల్లలు గాలిలో చెయ్యి ఆడిస్తే తెర మీద కత్తి ఆడేటట్టు చేశారు. తెర మీద దెబ్బ తగిలితే మణికట్టు నరం జివ్వుమనేటట్టు కూడా చేశారు. తుక్కులో కొన్న మైకుసెట్టు అతనొకడు దీన్ని తెచ్చి, చెయ్యి ఆడిస్తే పాట మోగే డీజే పెట్టెగా మార్చమన్నాడు. స్వరూప వారం రోజుల్లో మార్చింది. అప్పుడే ఆమెకొక ఆలోచన వచ్చింది. పట్టీకి పోయే దారిలో దీపానికి బదులు నరం ఉంది. వణుకు ఒకవైపు గుంజే క్షణంలోనే పట్టీ రెండో వైపు గుంజితే?

గుంజాలంటే ఏది వణుకో ఏది దెబ్బో దానికి తెలియాలి. అందుకే ఈ డప్పు, ఈ మంట. నాలుగు పొద్దుల పాటు పొద్దున్నే డప్పు కాపడం, కొట్టడం. పెండ్లి దెబ్బ, బోనాల దెబ్బ, చాటింపు దెబ్బ, పీరీల పండుగ దెబ్బ, సావు దెబ్బ. ఇరవై రెండు అయ్యాయి.

"అయిపోయినయా?"

"ఇంట్ల కొట్టేటియన్నీ అయిపోయినయి" అన్నాడు బాలనర్సు.

ఎల్లవ్వ చింతపండు చేట మీంచి ఒకసారి తల ఎత్తి మొగుడి వంక చూసింది. మళ్లీ వంచుకుంది. స్వరూప కంప్యూటరు తెర మీదే కళ్లు పెట్టుకుని ఉంది. అన్నీ అయిపోయాయన్న మాటే ఆమెకు చాలింది.

*

ఐదో రోజు పొద్దున పట్టీని నడిపించింది. బాలనర్సు చెయ్యి మొదట ఉలిక్కిపడింది, తర్వాత ఎవరో పట్టుకుని ఊరుకోబెట్టినట్టు ఆగింది. అతను ఆ చేతిని ఇటు తిప్పి అటు తిప్పి, ఎవరి చెయ్యో చూసినట్టు చూసుకున్నాడు. తర్వాత చేసిన మొదటి పని అంగీ గుండీలు విప్పడం. ఐదు విప్పాడు, ఐదూ మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ విప్పాడు.

"గుండీలతోని ఆటనా ఏంది, ముసలోడా?" అంది ఎల్లవ్వ.

"సూడే, సూడు!"

"సూస్తనే ఉన్న. రెండేండ్ల సంది నీ గుండీలు నేను వెట్టిన. ఇయ్యాల్టి నుంచి నా మొఖం సూడవు." నవ్వుతూనే అంది. నవ్వుతూనే లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

నెల తిరిగేసరికి పట్టీ తీసినా గంటసేపు వణుకు రావడం లేదు. మూడు నెలలకు పూటంతా రావడం లేదు. నరం కూడా నేర్చుకుంటోందని స్వరూపకు అర్థమైంది. రాసినదంతా శుభ్రం చేసి, సాఫ్ట్‌వేరు వాళ్ల దగ్గర పెట్టింది. దాన్ని సరిచూసే పెద్దమనిషి ఒకాయన, మారెక్ అని పోలండులో ఉంటాడు, నాలుగు చోట్ల తప్పులు పట్టి, నాలుగు రోజులు వాదించి లోపలికి తీసుకున్నాడు. ఆ తర్వాత ఉత్తరాలు రావడం మొదలైంది. ఎవరో ఒకామె మళ్లీ ఊలు అల్లుతున్నానని రాసింది. ఒకతను తన సంతకం తాను పెట్టానని దాని ఫోటో పంపాడు. స్వరూప అవన్నీ తెలుగులో చదివి వినిపిస్తే బాలనర్సు మీసం దువ్వుకునేవాడు.

"నీ పుణ్యమే బాపూ. గాళ్లందరి చేతుల్ల నీ దెబ్బే ఉన్నది."

"గాళ్లకు డప్పు వచ్చిందానే మరి?"

"డప్పు రాదు. ఊకుండుడు వచ్చింది."

*

ఆరో నెలలో కుమ్మరి చంద్రయ్య పోయాడు. ఊళ్లో పెండ్లికి డీజే వచ్చింది, బోనాలకు డీజే వచ్చింది. శవం ముందు మాత్రం ఇప్పటికీ డప్పే. బాలనర్సు పట్టీ కట్టుకుని పోయాడు. ఎల్లవ్వ పాడె వెనక నడిచింది. తిరిగొచ్చి నీళ్లు పోసుకుని, తల తుడుచుకుంటూ కూతురి పక్కన కూలబడింది.

"నీ అయ్య ఇయ్యాల సల్లదెబ్బ కొట్టలె."

"సల్లదెబ్బ అంటె?"

ఎల్లవ్వ కూతురి మొఖంలోకి చూసింది. "గిదీ నీకు తెల్వదా? తెల్వదులే. పెండ్లిగాని ఆడివిల్లవని దింపుడుకల్లం దాటి నిన్ను ఎన్నడు రానిచ్చినం గనక."

అప్పుడు చెప్పింది. ఇంటి నుంచి దింపుడుకల్లం దాకా కాపిన డప్పుతో కొడతారు. అక్కడ పాడె దించి, పోయిన మనిషిని చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. పలకకపోతే మళ్లీ పాడె లేస్తుంది. అక్కడి నుంచి, పూడ్చిపెట్టే బొందగడ్డ దాకా డప్పుకు మంట చూపించకూడదు. తోలు చల్లారుతూ పోతుంది, సద్దు సన్నగిలుతూ పోతుంది. ఆ చల్లారే తోలు మీద, దాని వెంబడే చెయ్యి కూడా తడబడుతూ, ఆగుతూ, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం పెంచుకుంటూ పోతుంది. అదే సల్లదెబ్బ. శవం లేకుండా దాన్ని కొట్టకూడదు. ఇంట్లో అసలే కొట్టకూడదు. కొడితే ఇంట్లోకే పిలిచినట్టు.

"నీ అయ్య, మీ పెదనాయిన, ఇద్దరికే వచ్చు. మీ పెదనాయిన పాయె. ఇయ్యాల పిలుపైనంక గూడ నీ అయ్య గట్ల నిండుగ, పెండ్లికి కొట్టినట్టు కొట్టుకుంట వోయిండు. చంద్రయ్య బిడ్డ నా దిక్కు సూసింది. నేను తల వంచుకున్న. నలభై ఏండ్ల సంది ఇంటున్న గదనే. ఎవలి దెబ్బనో నాకు దెల్వదా? ఆయిన కొట్టుడు గాదది."

స్వరూప పట్టీలోని లెక్కలు విప్పింది. దెబ్బ కానిదాన్నంతా సాఫ్ట్‌వేరు వణుకు కింద కట్టి తీసేస్తుంది. తీసేసిందాన్ని పారేయకుండా ఒక మూల పోగేస్తుంది. ఆ ఆరు నెలల్లో ఊళ్లో మూడు చావులు, ముందటి రెండింటికి ఎల్లవ్వ పోలేదు. మూడు చావుల రోజుల్లోనూ, దింపుడుకల్లం దగ్గర పాడె మళ్లీ లేచినప్పటి నుంచి, పోగు ఒక్కసారిగా పెరిగింది. బాలనర్సు చెయ్యి తడబడాల్సిన చోట తడబడబోయింది. ఆగాల్సిన చోట ఆగబోయింది. ప్రతిసారీ పట్టీ అది రోగమనుకుని, గుంజి వరసలో పెట్టింది. కాపిన డప్పు తప్ప ఇంకోటి దానికి తెలియదు. తెలియనివ్వకుండా చేసింది ఎవరు? ఎడ్లబండికి సీల పెట్టడం మరిచినవాడు బండిని తిట్టి ఏం లాభం?

తండ్రికి చెప్పింది. అతను పట్టీ విప్పి అరుగు మీద పెట్టాడు. ఆ పూట చెయ్యి కదలకుండా ఒళ్లో పడి ఉంది. మంచిగా ఉంది. అదే వచ్చిన బాధ.

"ఒకపాలి యాదికి తెచ్చుకో బాపూ. తలకాయల ఉంటది గద."

"తలకాయల యాడిదే? చెయ్యిల ఉంటది." వేళ్లు ముడిచి విప్పాడు. "ఉన్నదో వోయిందో సూద్దమంటె, ఉత్తగ కొట్టొద్దాయె."

"పోగువెట్టింది నా తాన ఉన్నది. పట్టీ ఉల్టా నడిపిస్తె, గుంజుకున్నదంత మళ్ల చెయ్యిలకు పంపొచ్చు. కని గండ్ల వణుకు గూడ ఉన్నది, రెండూ కలిసిపోయినయి. ఏది ఏదో నేను ఏరలేను. పంపితె రెండూ పోతయి. మళ్ల వణుకు ఊకుంటదో ఊకోదో గూడ చెప్పలేను."

"పనిజేస్తదా?"

"సూడాల్నంటె..." అంది స్వరూప.

"శవం గావాలె" అన్నాడు బాలనర్సు.

గడప మీద నిలబడ్డ ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గంతకే మొఖాలు మాడ్చుకుంటరా ఇద్దరు? నేను వోత తీయుండ్రి. తీరుబడిగ సూసుకుందురు."

"నీ నోట్ల ఇసం వడ" అన్నాడు బాలనర్సు.

*

పదకొండు రోజుల తర్వాత, పత్తిచేనులో కలుపు తీస్తూ, మిట్టమధ్యాహ్నం, సాలు మధ్యలోనే ఒరిగిపోయింది ఎల్లవ్వ. తోటి కూలీలు ఎత్తుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టేసరికే ఏమీ లేదు. ఆమె నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఇంకేదో ఒక మాట అనబోయినట్టే ఉంది.

స్వరూపకు ఏడుపు రాలేదు. ఆ రోజు గడప మీద నిలబడి, ఎవరితోనో పందెం కాసినట్టూ, గెలిచినట్టూ తల్లి నవ్విన నవ్వే చెవుల్లో ఉంది. బాలనర్సు పాడె కట్టించాడు, స్నానం చేయించాడు, తానే ఆమె నుదుట బొట్టు పెట్టాడు. చెయ్యి ఒక్క వెంట్రుకంత కూడా తొణకలేదు. బొట్టు గుండ్రంగా వచ్చింది. దాన్ని చూసి అతను పళ్లు కొరుక్కున్నాడు.

తర్వాత కూతురిని పెరట్లోకి పిలిచి చెయ్యి చాపాడు.

"కట్టు. ఉల్టా వెట్టు."

"బాపూ, ఒక్కపాలి ఆలోశన జెయ్. ఇన్నొద్దుల వణుకంత ఒక్కతాన ఉన్నది. గదంత ఒక్క కుప్పవడితె చెయ్యి..."

"చెయ్యి ఏమైతది? తెగి కిందవడ్తదా?"

"నాకు తెల్వదు."

"నీకు తెల్వక కట్టినవు. తెల్వకనే ఇప్పు." ఆ మాట అన్నాక అతనికే బాధేసినట్టుంది. ఎడమచేత్తో ఆమె తల మీద తట్టాడు. "తప్పు నీది గాదు బిడ్డా. ఇంకో దెబ్బున్నదని నేను జెప్పలె. ఇంట్ల దాని పేరెత్తుడెందుకని ఊకున్న. మీ అవ్వ నా దిక్కు సూసింది, జెప్పుమన్నట్టు. నేనే జెప్పలె. నలభై ఏండ్లు ఎవలెవలికో కొట్టిన. మా ఇంటామెకు పెండ్లి దెబ్బ గొట్టి పంపుమంటవా?"

స్వరూప పట్టీ బిగించింది.

దింపుడుకల్లం దాకా డప్పు ఊరంతా వినబడేటట్టు మోగింది. అక్కడ పాడె దించారు. బాలనర్సు వంగి పెళ్లాం చెవిలో "ఎల్లీ" అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి పెదవులు మాత్రం ఆడాయి. పాడె లేచింది. పెద్దమనుషులెవరో స్వరూపను ఇక్కడితో ఆగమన్నారు. ఆమె వాళ్ల వంక చూడను కూడా చూడలేదు. సంచిలో కంప్యూటరు పట్టుకుని తండ్రి వెనకే నడిచింది. నాలుగడుగులు పడగానే మీట నొక్కింది.

బాలనర్సు చెయ్యి ఈదురుగాలికి తడక కొట్టుకున్నట్టు కొట్టుకుంది. సిర్ర జారబోయింది. వేళ్లు బిగించి పట్టుకున్నాడు. మొదటి దెబ్బ తోలు అంచుకు తగిలి చీలిపోయింది. రెండోది పడనే లేదు. జనం ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. తోలు చల్లారుతోంది. మూడోది, నాలుగోది, ఆ తర్వాత ఒక ఎడం, గుక్కపట్టిన పసిపిల్ల మళ్లీ ఊపిరి తీసుకునేంత ఎడం. మళ్లీ ఒకటి. అతని భుజం నుంచి కిందికంతా వణుకుతోంది, ఆ వణుకులోంచే దెబ్బ పడుతోంది, పడబోయి ఆగుతోంది, ఆగబోయి పడుతోంది. ముసలి ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. చంద్రయ్య బిడ్డ బోరుమంది.

అది సల్లదెబ్బేనా? స్వరూప ఎన్నడూ వినలేదు, ఆమెకు తెలియదు. బాలనర్సు కళ్లు మూసుకుని ఉన్నాడు, అతనికైనా తెలుసో లేదో. ఆ చప్పుడులో ఎంత రోగమో ఎంత దెబ్బో విని చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆమె నలుగురి భుజాల మీద ముందు పోతోంది.

*

ఆ రోజు మొదలైన వణుకు ఆగలేదు. దినాలు అయ్యేదాకా అతనికి అన్నం స్వరూపే తినిపించింది. నిద్రలో కూడా ఆ చెయ్యి మంచం పట్టెను కొడుతూనే ఉండేది.

ఆ నడుమ పగళ్లలో ఆమె సాఫ్ట్‌వేరు వాళ్లందరికీ జరిగింది జరిగినట్టు రాసింది. తన తప్పు దాచుకోలేదు. పట్టీ ఏదైనా తీసేసే ముందు, ఇది రోగమా, మీదేనా అని ప్రతిసారీ మనిషిని అడిగేటట్టు, రోగమంటే ఇక పోగేయకుండా చెరిపేసేటట్టు మార్చింది. తేల్చుకోలేకపోతే, మిమ్మల్ని ఎరిగినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లను అడగండి అని కింద ఒక ముక్క చేర్చింది. మారెక్ ఈసారి వాదించకుండానే లోపలికి తీసుకున్నాడు. ఊలు అల్లే ఆమె నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది. మీ అమ్మ గురించి చదివి ఏడ్చాను, నా పక్కన కూర్చోవడానికి అట్లాంటి వాళ్లెవరూ లేరు, అందుకే పాతదే ఉంచుకుంటున్నాను అని. అట్లాంటివే ఇంకా వచ్చాయి. స్వరూప ఏ ఒక్కదానికీ బదులివ్వలేకపోయింది.

పదమూడో రోజు పొద్దున బాలనర్సు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పిలవకుండానే కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు నేర్పు బాపూ."

"ఏంది?"

"సల్లదెబ్బ. ఆడివిల్ల కొట్టొద్దనేటోళ్లను నేను సూసుకుంట."

బాలనర్సు ఆమె వంక చూశాడు. చాలా రోజులకు అతని మొఖంలో నవ్వు లాంటిదొకటి కదిలింది. "శవం లేంది నేర్పొద్దు గదనే, గదిగూడ మొదటిపాలి సొంతింటి శవమే గావాలె. ఇగ మనింట్ల వోవాల్సినోన్ని నేనొక్కన్నే. నా పీనుగు ముంగట నేనే నిలవడి ఎట్ల నేర్పుదు జెప్పు?"

అతను ఆడుతున్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఆమె ఒళ్లో పెట్టాడు.

"కట్టు."

"బాపూ, ఈపాలి పోతె సల్లదెబ్బ మళ్ల రాదు."

"ఉండి ఏం జేస్తదే? ఇనేటామె వోయింది."

"నేనున్న గద, ఇనెతందుకు."

"నువ్వు ఇంటవు. ఇదిగాదు బాపూ అని అననీకె నీకు రాదు."

పట్టీ బిగించేటప్పుడు తెర మీద ప్రశ్న వచ్చింది. ఆమె తన చేతులతో రాసిన ప్రశ్నే. ఇది రోగమా, మీదేనా? స్వరూప చదివి వినిపించింది. బాలనర్సు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆమె రోగమనే నొక్కింది.

చెయ్యి ఉలిక్కిపడి ఆగింది. స్వరూప లోపలికి పోయి చాయ్ పెట్టి తెచ్చింది. బాలనర్సు గ్లాసు తన చేత్తోనే అందుకుని, ఊదుకుంటూ, అంతా తాగాడు. ఒక్క చుక్క ఒలకలేదు.